పిల్లుల దీవికి పెద్దదిక్కెవరు?

జపాన్‌లో షికోకు తీరానికి ఎదురుగా, సెటో లోతట్టు సముద్రంలో అఓషిమ అనే చిన్న దీవి ఉంది. పాలనపరంగా ఎహిమె ప్రిఫెక్చర్‌లోని ఒజు నగరం కిందికి వస్తుంది. పొడవు 1.6 కిలోమీటర్లు. నగహమ రేవు నుంచి లాంచీలో 35 నిమిషాల ప్రయాణం. రోజుకు రెండే ట్రిప్పులు, ట్రిప్పుకు 34 మందే. గాలి తిరిగిందంటే ఆ రెండూ ఉండవు. దీవిలో హోటల్ లేదు, కిరాణా కొట్టు లేదు, కారు లేదు. జపాన్‌లో మారుమూల బస్టాపు దగ్గర కూడా కనిపించే కూల్‌డ్రింకుల మిషన్ సైతం అక్కడ లేదు. అయినా 2013 తర్వాత ఆ దీవి ఫొటోలు ఇంటర్నెట్‌లో మొదలై దేశదేశాల పత్రికలకెక్కాయి. కారణం పిల్లులు. 2018 నాటికి దీవిలో మనుషులు 13 మంది ఉంటే పిల్లులు 210 దాకా ఉన్నాయి.

వాటిని అక్కడికి తెచ్చింది జాలరులే. అఓషిమ ఒకప్పుడు సార్డీన్ చేపల వేటకు పేరుపడ్డ ఊరు. పడవల్లో చేరిన ఎలుకలు వలల్ని కొరికేస్తుంటే వాటి పని పట్టడానికి పిల్లుల్ని పెంచారు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసేసరికి దీవిలో దాదాపు 900 మంది ఉండేవారు. తర్వాత వేట తగ్గింది, పిల్లలు చదువులకూ ఉద్యోగాలకూ పట్నాలు పట్టారు, ఇళ్లకు తాళాలు పడ్డాయి. పిల్లులు మాత్రం ఎక్కడికీ పోలేదు. ఈశాన్య జపాన్‌లోని మియాగి ప్రిఫెక్చర్‌లో, ఇషినొమకి నగరం పరిధిలో ఉన్న తషిరోజిమ దీవిదీ ఇంచుమించు ఇదే కథ. అక్కడ కాపాడుకోవాల్సింది పట్టుపురుగుల్ని. ఎలుకలు పట్టుపురుగుల్ని తినేస్తాయి కాబట్టి ఇంటింటా పిల్లిని పెంచారు. పట్టు పోయి చేపల వేట మిగిలాక జాలరులు పిల్లుల తీరు చూసి వాతావరణం అంచనా వేసేవారట. బండరాయి పడి చచ్చిపోయిన ఒక పిల్లికి దీవి మధ్యలో గుడి కూడా కట్టారు. పిల్లి ఎదురొస్తే వెనక్కి వచ్చి, కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి మళ్లీ బయల్దేరే తెలుగువాళ్లకు ఇది వింతగానే ఉంటుంది.

పిల్లుల్ని చూడటానికి వచ్చే జనం వల్ల పిల్లులకు ఒరిగేదేమిటన్నది ముందు తేలాల్సిన లెక్క. అఓషిమలో ఖర్చు పెట్టడానికి దుకాణమే లేదు. టికెట్ డబ్బు లాంచీకి పోతుంది, భోజనం డబ్బు రేవులోనే ఖర్చవుతుంది. దీవికి చేరేది సంచీలో తెచ్చిన తినుబండారాలే. సెలవు రోజుల్లో అవి ఎక్కువై మిగిలిపోతాయి, తుపాను వారంలో ఒక్కటీ ఉండదు. ఎక్కడపడితే అక్కడ తిండి పడేయకుండా మేతకు ఒక చోటు కేటాయించి, అక్కడే పెట్టండని అడగాల్సి వచ్చింది. ఏడాది పొడవునా గిన్నెలు నింపేది, కళ్లలో పుసులు తుడిచేది, మందు మింగించేది మాత్రం ఆ దీవిలో మిగిలిన వృద్ధులే. ఫొటోలు తీసేవాళ్లు వేరు, మేత పెట్టేవాళ్లు వేరు. పిల్లుల పేరుతో పర్యాటకం పెరిగిన చాలాచోట్ల అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది.

లెక్క ఎలా తప్పుతుంది

పిల్లి చూలు నిలిచాక రెండు నెలలకు కాస్త అటూఇటూగా ఈనుతుంది. ఆడపిల్లి ఐదారు నెలల వయసుకే చూలు కట్టగలదు, ఏడాదికి రెండు మూడు ఈతలు మామూలే. తిండికి లోటు లేకపోతే ఈ గుణకారం ఎక్కడిదాకా పోతుందో మారియన్ దీవిలో తేలింది. దక్షిణాఫ్రికాకు చెందిన ఈ దీవిలో వాతావరణ కేంద్రం సిబ్బంది ఎలుకల కోసం 1949లో ఐదు పిల్లుల్ని వదిలారు. 1977 నాటికి అవి దాదాపు 3,400 అయ్యాయి. నేలలో బొరియలు చేసుకుని గుడ్లు పెట్టే సముద్రపు పక్షుల్ని ఏటా లక్షల్లో తినేశాయి. అంటురోగం ఎక్కించి, వలలు పన్ని, రాత్రిళ్లు తుపాకులతో వేటాడితే గానీ 1991కి ఆ దీవిలో పిల్లులు అంతం కాలేదు.

మనుషులు మేపే చోట పద్దు వేరుగా ఉంటుంది. పుట్టినవి పుట్టినట్టే చస్తుంటాయి. అమెరికాలో వీధిపిల్లుల కూనల మీద జరిగిన ఒక అధ్యయనంలో నూటికి 75 కూనలు ఆరు నెలలు నిండకముందే చనిపోవడమో కనిపించకుండా పోవడమో జరిగింది. పర్యాటకులు ముచ్చటపడి ఫొటో తీసుకున్న బుజ్జికూనల్లో చాలావరకు మరుసటి సీజన్‌కు ఉండవన్నమాట. ఫొటోలో ఆ సంగతి తెలియదు, అందుకే అలాంటి చోట్లకు గిరాకీ తగ్గదు.

పట్టుకెళ్లి వేరే ఊళ్లో వదిలేస్తే సరిపోతుందని స్థానిక సంస్థలకు ముందుగా తడుతుంది. తిండీ నీడా ఉన్న చోటు ఖాళీ అయితే పక్క వీధి పిల్లులు వచ్చి చేరతాయి, కొత్తవి అక్కడే ఈనుతాయి. తిండి ఆపేయడమూ పనిచేయదు. ఎవరో ఒకరు చాటుగా పెడుతూనే ఉంటారు, పైగా ఆకలి పిల్లులు దూరదూరాలకు చెదిరిపోతే వాటిని పట్టడం మరీ కష్టం. అందుకే చాలా దేశాల్లో నిలిచిన పద్ధతి ఒకటే. పట్టుకోవాలి, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించాలి, పట్టిన చోటే వదలాలి.

చెప్పినంత తేలిక కాదు ఇది. ఆపరేషన్‌కు ముందురోజు మేత ఆపాలి, లేకపోతే బోనులో పెట్టిన చేపముక్క వైపు పిల్లి తొంగి కూడా చూడదు. బోను తలుపు పడిన మరుక్షణం పైన దుప్పటి కప్పాలి. చీకటి పడితే పిల్లి గింజుకోవడం మానుతుంది, లేదంటే ముక్కు చీరుకుపోయేలా కమ్మీలకు కొట్టుకుంటుంది. పొదుగు పాలతో ఉన్న తల్లిపిల్లి చిక్కితే దాని కూనలు ఎక్కడున్నాయో వెతకాలి. అన్నిటికన్నా తెలివైన ఒకటి రెండు పిల్లులు నెలల తరబడి బోను దరికే రావు, లెక్కను మళ్లీ మొదటికి తెచ్చేవీ అవే. ఆపరేషన్ అయిన పిల్లికి జపాన్‌లో చెవి కొసన చిన్న గాటు పెడతారు. అలా చీలిన చెవి చెర్రీపువ్వు రేకులా కనిపిస్తుంది కాబట్టి వాటిని సకురా పిల్లులంటారు. మగదానికి కుడిచెవి, ఆడదానికి ఎడమచెవి. దూరం నుంచే గుర్తుపట్టి అదే పిల్లిని రెండోసారి బోనులో వేయకుండా ఉండటానికి ఈ ఏర్పాటు.

ఆపరేషన్లతోనే అంతా అయిపోదనడానికి మంచి రుజువు అమెరికాలోని సెంట్రల్ ఫ్లోరిడా విశ్వవిద్యాలయం. ఆ ప్రాంగణంలో 11 ఏళ్ల పాటు 155 పిల్లుల్ని పేరుపేరునా గమనించారు. 2002 నాటికి అక్కడ మిగిలినవి 23. తగ్గినవాటిలో పెద్ద వాటా చనిపోయినవాటిది కాదు. మొత్తంలో దాదాపు సగం పిల్లులు ఇళ్లలో పెంపకానికి వెళ్లాయి. దత్తత తీసుకునే ఇళ్లు దొరకని దీవిలోనో కొండపల్లెలోనో అంత వేగంగా ఫలితం ఆశించడం అత్యాశే.

అఓషిమ తీసుకున్న నిర్ణయం

2018లో ఒజు నగరపాలక సంస్థ, ఒక స్వచ్ఛంద సంస్థ కలిసి అఓషిమలో పిల్లులన్నిటికీ ఆపరేషన్లు చేయించాయి. కొన్నిటిని మిగిల్చి వంశం నిలిపే ఆలోచన చేయలేదు. మిగిలిన నివాసులంతా వయసు మీదపడ్డవారే. వాళ్ల తర్వాత మేత పెట్టే చేయి ఉండదు. కాబట్టి మనుషులతో పాటే పిల్లులూ తగ్గుతూ రావాలని తేల్చారు. పర్యాటక ఆకర్షణను ఒక ప్రభుత్వ సంస్థ కావాలని ముగించుకోవడం అరుదు. ఉన్న వనరులతో చూస్తే అంతకన్నా నిజాయితీ గల దారి మరొకటి కనపడదు.

ఆ తర్వాత దీవిలో కూనలు పుట్టలేదు. 2024 నాటికి పిల్లుల సంఖ్య 80కి దిగింది. అన్నీ ఏడేళ్లు దాటినవే. తరాల తరబడి దగ్గరి రక్తసంబంధంలోనే సంతానం కలగడంతో చూపు పోయినవి, శ్వాసకోశ జబ్బులతో బాధపడేవి ఎక్కువ. మూడింట ఒక వంతు పిల్లులకు ఏదో ఒక రోగం ఉందని అంచనా. లాంచీ దిగే పర్యాటకుడి కాళ్ల చుట్టూ ఇప్పుడు తిరిగేవి కూనలు కావు, ముసలి పిల్లులు.

జనం వస్తే డబ్బు ఎవరికి

తైవాన్‌లోని హౌటాంగ్ ఇందుకు పూర్తిగా భిన్నం. న్యూ తైపీ నగరం రుయిఫాంగ్ జిల్లాలో ఉన్న ఈ పల్లె బొగ్గుగనుల ఊరు. 1990లో గని మూతపడ్డాక వేలల్లో ఉన్న జనం కొన్ని వందలకు పడిపోయారు. 2008లో పిల్లుల్ని ఇష్టపడే ఒక ఫొటోగ్రాఫర్ స్వచ్ఛంద కార్యకర్తల్ని కూడగట్టి వీధిపిల్లుల సంరక్షణ మొదలుపెట్టి, ఫొటోలు జనంలోకి తీసుకెళ్లారు. తైపీ నుంచి గంట రైలు దూరమే కావడంతో జనం పోటెత్తారు. పిల్లి ఆకారంలో అనాసపండు కేకులు అమ్మే కొట్లు వెలిశాయి, స్టేషన్ మీదుగా పిల్లుల వంతెన వచ్చింది. ఊరు బతికింది. ఖ్యాతి పెరిగేకొద్దీ ఇంకో సమస్య వచ్చిపడింది. ఇక్కడైతే చూసుకుంటారులే అన్న ధీమాతో బయటివాళ్లు తమ పెంపుడు పిల్లుల్ని తెచ్చి వదలడం మొదలుపెట్టారు. కొత్తగా వచ్చింది టీకా లేనిదైతే రోగం కూడా వెంట వస్తుంది. పిల్లుల ఊరిగా పేరుపడిన ప్రతిచోటా ఈ బెడద తప్పదు. జపాన్‌లో పెంపుడు జంతువును వదిలేస్తే ఏడాది వరకు జైలు లేదా 10 లక్షల యెన్‌ల వరకు జరిమానా ఉంది. కానీ రాత్రిపూట అట్టపెట్టె వదిలి వెళ్లినవాడిని పట్టేదెవరు?

రోమ్‌లో ఈ పేచీ చట్టం దాకా ఎప్పుడో వెళ్లింది. క్రీస్తుపూర్వం 44లో జూలియస్ సీజర్ హత్య జరిగిన తావుగా చెప్పే లార్గో ది తోర్రె అర్జెంతీనా శిథిలాలు 1920ల చివర్లో బయటపడ్డాయి. దారికన్నా లోతుగా ఉన్న ఆ గుడుల మధ్య వీధిపిల్లులు చేరాయి, చుట్టుపక్కల ఆడవాళ్లు వాటికి తిండి పెడుతూ వచ్చారు. 1990ల నుంచి స్వచ్ఛంద కార్యకర్తల సంరక్షణాలయం నడుస్తోంది. ఇటలీ 1991లో చేసిన 281వ చట్టం ప్రకారం స్వేచ్ఛగా బతికే పిల్లుల్ని హింసించడం నేరం. స్థానిక ఆరోగ్య శాఖే ఆపరేషన్ చేయించి తిరిగి వాటి గుంపులోనే వదలాలి. అయినా 2012లో పురావస్తు అధికారులు సంరక్షణాలయాన్ని ఖాళీ చేయించాలనుకున్నారు, నిరసనలతో అది ఆగింది. 2023లో నడకదారులు వేసి శిథిలాల్ని సందర్శకులకు తెరిచినా పిల్లులు అక్కడే ఉన్నాయి. సందర్శకుడు వదిలివెళ్లే చందా, కొనే చిన్న వస్తువు, ఊరికి తిరిగి వెళ్లాక కూడా ఒక పిల్లి పోషణకు పంపే సొమ్ము నేరుగా మందులకు, ఆపరేషన్లకు చేరతాయి. అఓషిమకు వెళ్లినవాడూ రోమ్‌కు వెళ్లినవాడూ ఒకే రకం పర్యాటకుడు. తేడా అతని డబ్బు తీసుకుని లెక్క రాసే మనిషి ఉండటంలోనే ఉంది.

డబ్బు వస్తే బాధ్యత కూడా వస్తుందని అమెరికా న్యాయస్థానం తేల్చింది. ఫ్లోరిడాలోని కీ వెస్ట్‌లో రచయిత హెమింగ్వే నివసించిన ఇల్లు ఇప్పుడు మ్యూజియం. అక్కడ 50-60 పిల్లులు తిరుగుతుంటాయి, వాటిలో చాలావాటికి కాలికి ఆరు వేళ్లు. పిల్లుల్ని చూపి టికెట్ వసూలు చేస్తున్నారు కాబట్టి జంతు ప్రదర్శనకు ఉన్న కేంద్ర నిబంధనలన్నీ వర్తిస్తాయని వ్యవసాయ శాఖ వాదించింది, మ్యూజియం కాదంది. 2012 డిసెంబరులో అప్పీలు కోర్టు మ్యూజియం పట్ల సానుభూతి చూపిస్తూనే శాఖ వాదననే సమర్థించింది.

ఇక పక్షుల సంగతి. పిల్లుల పోషణ గురించి మాట్లాడేవాళ్లు సాధారణంగా దాటవేసేది ఇదే. జపాన్‌కే చెందిన ఒగసవర దీవుల్లో ఎర్రతల అడవిపావురం అంతరించే దశకు చేరితే, అడవిలో తిరిగే పిల్లుల్ని చంపలేదు. బోన్లతో పట్టి, ఓడలో దాదాపు వెయ్యి కిలోమీటర్లు తరలించి, టోక్యో పశువైద్యుల ఆసుపత్రుల్లో మచ్చిక చేసి ఇళ్లకు ఇచ్చారు. పావురాలు మళ్లీ పెరిగాయి. హవాయిలోని లనాయి దీవిలోనూ నేల బొరియల్లో గూడు పెట్టే ఉఅఉ పక్షుల్ని కాపాడటానికి పిల్లుల్ని కంచె లోపలికి తెచ్చారు. 600కు పైగా పిల్లులున్న ఆ ఆవరణే ఇప్పుడు పర్యాటకులు ఆగి చూసే చోటు, నడిచేది విరాళాలతో. పిల్లుల్ని ఊరంతా వదిలేయకుండానే పర్యాటకం సాధ్యమని ఆ దీవి చూపిస్తోంది. అయితే దానికి స్థలం, కంచె, జీతగాళ్లు, పశువైద్యం అన్నీ కావాలి. పక్షులకు ముప్పు ఉన్న చోట మాత్రం ఇంతకన్నా చవక దారి లేదు.

అఓషిమకు అన్ని హంగులూ అక్కర్లేదు, కొత్తవి పుట్టవు కాబట్టి. అయితే ఆలనాపాలనా ఉన్న పిల్లి పదేళ్లకు పైబడి బతుకుతుంది. 2018లో చిన్న వయసులో ఆపరేషన్ అయినవి 2030 దాటాక కూడా ఉండొచ్చు. ఇప్పుడున్న వృద్ధులు అప్పటికి దీవిలో ఉంటారన్న నమ్మకం లేదు. అందుకే మిగిలిన పిల్లుల్ని ప్రధాన భూభాగానికి తరలించాలా, అక్కడే ఉంచి మేత పంపాలా అన్నది ఇక వాయిదా వేయడానికి వీల్లేని ప్రశ్న. పుట్టినప్పటి నుంచీ నాలుగు గోడల మధ్య ఉండని, కళ్లు కనపడని పిల్లికి కొత్త ఇల్లు నరకమే. దానికి దత్తత ఇల్లు కన్నా చిన్న ఆవరణ ఉన్న ఆశ్రయం మేలు. అక్కడే ఉంచితే వారానికి ఇన్ని రోజులని మనిషిని, నెలకు ఒకసారైనా పశువైద్యుడిని పంపాలి, అందుకు బడ్జెట్‌లో పద్దు ఉండాలి. ఇవన్నీ సాగాలంటే లాంచీ ఉండాలి. అది ఇప్పుడు నడుస్తున్నది ప్రధానంగా దీవి నివాసుల కోసం. చివరి నివాసి కూడా రేవు దాటాక ఆ సర్వీసును కొనసాగించాలా, ఎవరి ఖర్చుతో అన్నది ముందుగా తేలిస్తే తప్ప మేత ఏర్పాటు గురించిన ఏ ప్రణాళికా నిలవదు.