కారు వెనక ఇల్లు.. తూకం తప్పితే చిక్కే!

అమెరికాలో ఎంఎస్ పూర్తయింది. ఉద్యోగంలో చేరడానికి ఇంకా టైముంది. న్యూజెర్సీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి ఐ-80 హైవే మీద, కారుకి చిన్న ట్రైలర్ తగిలించుకుని వెళ్దామనుకుంటున్నారా? దాదాపు 2,900 మైళ్లు. రోజుకి 300 మైళ్లు నడిపినా పది రోజులు. హాయిగా వెళ్లండి. కానీ ముందు బరువు లెక్క చూసుకోండి.

లెక్క ఇదీ: ట్రైలర్ బరువులో 10-15 శాతం కారు హిచ్ మీద పడాలి. సామాన్లతో కలిపి 1,500 పౌండ్లుంటే 150-225 పౌండ్లన్నమాట. నీళ్ల క్యాన్లు, పెట్టెలు అన్నీ వెనక కుక్కేస్తే ముందుభాగం తేలికైపోతుంది. స్పీడ్ పెరగ్గానే ట్రైలర్ అటూఇటూ ఊగుతుంది. అప్పుడు కంగారుపడి కారు బ్రేక్ గట్టిగా తొక్కొద్దు. యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి, స్టీరింగ్ తిప్పకుండా స్థిరంగా పట్టుకోండి.

దారిలో వయోమింగ్ ఈదురుగాలులకు పేరు. అక్కడ నెమ్మదిగా వెళ్లండి. కాలిఫోర్నియాలో ట్రైలర్ లాగే బండి గంటకి 55 మైళ్లు దాటకూడదు.

మీ కారు ఎంత లాగగలదో మాన్యువల్‌లో ఉంటుంది. అద్దె కారైతే ఒప్పందం చదవండి, చాలా కంపెనీలు ట్రైలర్‌కి ఒప్పుకోవు. బరువైన సామాన్లు ఇరుసుకి కాస్త ముందు, కింద సర్దండి. తూకం కుదిరాకే తాళం తిప్పండి!