రికార్డుకెక్కని హాస్యం

పార్లమెంటులో పలికిన ప్రతి మాటా రికార్డవుతుంది. సభ నడుమ కూర్చున్న రిపోర్టర్లు వంతులవారీగా వచ్చి అక్షరం పొల్లుపోకుండా రాసుకుపోతారు. కాని ఒక సభ్యుడు కుర్చీలోంచి లేవడంలోని విసురు, ఇరుకున పడిన మంత్రి కాగితాలు సర్దుకోవడంలోని తడబాటు, ప్రతిపక్షం వైపు ఓరగా చూస్తూ కండువా సవరించుకోవడంలోని ఎత్తిపొడుపు ఆ నివేదికలో ఎక్కడా కనిపించవు. మహా అయితే "అంతరాయం" అన్న ఒక్క మాట కుండలీకరణాలలో దర్శనమిస్తుంది. సభను గ్యాలరీలోంచి చూసినవాడికీ, మరునాడు అచ్చులో చదివినవాడికీ ఉన్న తేడా అంతా అక్కడే ఉన్నది.

ఆ రికార్డుకెక్కని విద్యకే జీవితమంతా వెచ్చించిన ఒక నాటకకర్త 1972 నుంచి 1978 వరకు రాజ్యసభలో నామినేటెడ్ సభ్యుడుగా కూర్చున్నారు. ఆయన హబీబ్ తన్వీర్. 1923లో రాయపూర్‌లో పుట్టి, బొంబాయిలో ప్రజానాట్య ఉద్యమంలో పనిచేసి, 1954లో ఢిల్లీలో "ఆగ్రా బజార్" ప్రదర్శించి, ఆ తరువాత లండన్‌లోని రాయల్ అకాడమీలో నటన నేర్చినవాడు. 1956లో బ్రెహ్ట్‌ను చూడాలని బెర్లిన్ చేరుకునే నాటికి ఆ మహానుభావుడు కన్నుమూసి ఎన్నో రోజులు కాలేదు. ఇంత తిరిగినవాడికి అసలు చదువు దొరికింది మాత్రం సొంత ఊరి పరిసరాలలో, ఛత్తీస్‌గఢ్ "నాచా" కళాకారుల వద్ద.

ఈ సంగతులన్నీ నాకు కొత్త కాదు. అయితే ఇటీవల ఛత్తీస్‌గఢ్ హైకోర్టులో ఒక వ్యాజ్యం సంగతి కనుక్కోవడానికి బిలాస్‌పూర్ వెళ్లినప్పుడు, ఊరికి కొంత దూరంలో ఒక పల్లెలో నాచా చూసే అవకాశం కలిగింది. హాస్య నాటకంలో నటుడి దేహం ఎంత పని చేస్తుందో అంతవరకు పుస్తకాలలో చదివిందే గాని, అంత దగ్గరగా చూసింది లేదు.

బిలాస్‌పూర్ మన పాఠకులలో చాలామందికి రైల్వే ఊరుగానే పరిచయం. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కంపెనీ కాలం నుంచీ శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల కుటుంబాలు ఆ లైను వెంట ఉద్యోగాలకు వెళ్లి స్థిరపడినాయి. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వేకు ఇది కేంద్రస్థానమయింది. విశాఖ-కోర్బా ఎక్స్‌ప్రెస్ ఇక్కడ ఆగినప్పుడు ప్లాట్‌ఫారం మీద తెలుగు ధారాళంగా వినిపిస్తుంది. హిందీ నాటక రచయిత శంకర్ శేష్, బొంబాయి రంగస్థలాన్ని ఏలిన దర్శకుడు సత్యదేవ్ దూబే ఈ ఊళ్లోనే పుట్టారని చాలామందికి తెలియదు. కార్తికమాసంలో యాదవులు కర్రలు చేతబట్టి దోహాలు పాడుతూ ఆడే రావుత్ నాచ్ ఇక్కడ పెద్ద ఉత్సవం. అయితే నేను చెప్పబోతున్న నాచా వేరు. అది రాత్రంతా సాగే హాస్య ప్రహసనాల వరుస. మధ్యమధ్య పాటలు, ఆటలు ఉంటాయి. చేతిలో రాతప్రతి అంటూ ఉండదు. పగలు పొలం పనో, కూలి పనో చేసుకునేవారే రాత్రికి నటులవుతారు.

నేను చూసిన ప్రదర్శనకు తెర లేదు, పక్క గదులు లేవు. ఒక మూల హార్మోనియం, తబలా, మంజీరాలు. మూడు వైపులా జనం. "జోక్కడ్" అని పిలుచుకునే విదూషకుడు వచ్చి నోరు విప్పకముందే జనం నవ్వడం మొదలుపెట్టారు. అతడు చేసిందల్లా నడిచి రావడం. పై భాగం మహారాజులా నిటారుగా ఉన్నది, మోకాళ్లు మాత్రం అప్పులవాడిని చూసినట్టు వణుకుతున్నాయి. రెండు అడుగులు వేసేసరికి ఆ మనిషి హోదా ఏమిటో, పరిస్థితి ఏమిటో మాకందరికీ బోధపడింది. అతని వెంట "పరి", అంటే స్త్రీవేషం కట్టిన పురుషుడు. ఆ నటుడు ఆడదానిలా నడవాలని తాపత్రయపడలేదు. తలమీద నిండుబిందె ఉన్న మనిషి ఎలా నడుస్తుందో అలా నడిచాడు. బిందె లేదు గాని, దాని బరువు మెడలో కనిపించింది.

మరొక విశేషం గమనించాను. జోక్కడ్ వేసిన ఒక విసురుకు ఎడమవైపు కూర్చున్నవాళ్లు పగలబడి నవ్వగానే, అతడు ఎదుటి నటుడిని అలాగే నిలబెట్టి, అటు తిరిగి అదే చేష్ట మరింత పెంచి చేసి చూపించాడు. కుడివైపు వాళ్లకు అతని వీపే కనిపించింది. అయినా వాళ్లూ నవ్వారు, ఎందుకంటే ఆ వీపు కూడా నటిస్తూనే ఉన్నది. ప్రేక్షకులకు వీపు చూపరాదన్నది మన పట్టణ రంగస్థలంలో మొదటి పాఠం. నాచా నటుడికి ఆ పాఠం చెప్పినవారూ లేరు, చెప్పినా అతనికి దానితో పనిలేదు.

హబీబ్ తన్వీర్ తొలినాళ్ల కష్టమంతా ఇక్కడే వచ్చింది. 1958లో "మృచ్ఛకటికం" హిందీలో ఆడించడానికి ఆయన ఆరుగురు ఛత్తీస్‌గఢీ నటులను ఢిల్లీకి తీసుకువెళ్లారు. 1959లో "నయా థియేటర్" స్థాపించారు. తమ పల్లెలో వేలమందిని కట్టిపడేసే ఆ నటులు ఢిల్లీ వేదిక మీద కొయ్యబారిపోవడం ఆయనను చాలా ఏళ్లు వేధించింది. కారణాలు రెండని ఆయనే తరువాత వివరించారు. ఒకటి, వారి చేత తమది కాని హిందీ పలికించడం. రెండవది, ఏ మాటకు ఏ మూలకు నడవాలో ముందే గీత గీసి పెట్టడం. చదువురాని నటుడికి ఫలానా మాట దగ్గర కుడికి రెండడుగులు అన్న సూచన గుర్తుండదు. గుర్తుపెట్టుకునే ప్రయత్నంలో నటనే పోతుంది. 1973లో రాయపూర్‌లో జరిపిన నాచా శిబిరంతో ఆయన రెండు సంకెళ్లనూ తెంచివేశారు. భాష వారిదే, నడక వారిదే. తన పని కూర్పు వరకే పరిమితం చేసుకున్నారు. అంతవరకు కొయ్యలా ఉన్నవారు ఒక్కసారిగా ప్రాణం పోసుకున్నారు.

ఆ శిబిరంలో పుట్టిందే "గావ్ కే నావ్ ససురార్, మోర్ నావ్ దమాద్". ఊరి పేరు అత్తవారిల్లు, నా పేరు అల్లుడు అని దాని అర్థం. పాత నాచా ప్రహసనాలు మూడింటిని కలిపి అల్లిన నాటకమిది. వాటిలో ఒకటి "బుఢ్వా బిహావ్", అనగా ముసలివాని పెళ్లి. డబ్బుకు ఆశపడి తండ్రి పడుచుపిల్లను ముసలివాడికి కట్టబెట్టడం, ఆమెను కోరిన యువకుడు మిత్రులతో కలిసి మారువేషంలో వచ్చి ముసలివాడిని బోల్తా కొట్టించడం ఇందులోని కథ. తెలుగువాడికి ఇది విన్నంతనే లుబ్ధావధాన్లు గుర్తుకు రాక తప్పదు. 1892లో విజయనగరంలో తొలిసారి ఆడిన "కన్యాశుల్కం"లోనూ ముసలి పెండ్లికొడుకును మోసగించేది మారువేషమే, ఆడపిల్ల వేషం కట్టిన శిష్యుడే. గురజాడ అప్పారావుగారికి నాచా తెలిసే అవకాశం తక్కువ. కాని డబ్బుతో పడుచుదనాన్ని కొనబోయిన ముసలితనాన్ని చూసి నవ్వడం రెండు సమాజాలకూ అవసరమయింది. ఆ నవ్వును రెండు చోట్లా దేహమే పుట్టించింది.

అయితే మనం "కన్యాశుల్కం" మాటలను కంఠస్థం చేసుకున్నాము గాని, మంచం కింద దూరడాన్ని, పూటకూళ్లమ్మ చీపురుకట్టను నటుడి విద్యగా ఎన్నడూ చర్చించలేదు. అవి మోటు హాస్యమనుకున్నాము. తోలుబొమ్మలాటలో కేతిగాడు, బంగారక్క, వీధిభాగవతంలో హాస్యగాడు, పగటివేషగాళ్లు ఇదే విద్యను మనకూ నేర్పారు. పద్యనాటకం మోజులో, ఆపై మైకు వచ్చిన తరువాత, నటుడు దాని ముందు నిలబడిపోయాడు. మైకు ఎంత దూరం వినగలదో అంత దూరమే అతని సంచారం. బిలాస్‌పూర్‌లో నాకు తోడువచ్చిన విశ్రాంత రైల్వే గార్డు ఒకరు, బొబ్బిలి వైపు నుంచి వెళ్లిన కుటుంబం వారిది, ఆ రాత్రి నాతో అన్నారు: "మన నాటకాన్ని మనం ఇన్నాం గానీ సూడ్లేదు బాబూ. ఈల్ల భాష నాకు సగమే అర్థమవుద్ది. అయినా నవ్వొస్తాది, సూశారా!" ఆయన చిన్నతనంలో రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో తెలుగు నాటకాలు వేసినవారే. కృష్ణుడి వేషంలో మైకు తీగ కాలికి అడ్డం పడుతుందని అడుగు కదపవద్దని హెచ్చరించేవారట.

నాచా నటుల దేహవిద్య పరాకాష్ఠ "చరణ్‌దాస్ చోర్". 1975లో రూపొందిన ఈ నాటకానికి మూలం విజయదాన్ దేథా సేకరించి చెప్పిన రాజస్థానీ జానపద కథ. దొంగ ఒకడు గురువు దగ్గర వేళాకోళానికి ప్రమాణాలు చేస్తాడు. బంగారు పళ్లెంలో తినను, ఏనుగు మీద ఊరేగను, రాణిని పెళ్లాడను, రాజునై ఏలను. దొంగకు ఇవి ఎలాగూ దక్కేవి కావు గదా! గురువు పట్టుబట్టి మరొకటి చేయిస్తాడు. అబద్ధం ఆడరాదు. విధి ఆ నాలుగింటినీ వరుసగా అతని ముందుకు తెస్తుంది. కాదన్నందుకు రాణి ఆగ్రహిస్తుంది. నిజం దాచలేనన్నందుకు ప్రాణమే పోతుంది.

ఢిల్లీలో నేను చూసిన ప్రదర్శనలో వేదిక మీద ఒక అరుగు, వెనుక ఒక చెట్టుకొమ్మ తప్ప మరేమీ లేదు. పోలీసు జవాను దేహం బిగదీసిన తాడు. దొంగ దేహం నీరు. జవాను చట్టం ప్రకారం తిరుగుతాడు, దొంగ సందు దొరికిన చోటల్లా జారిపోతాడు. మనిషి యంత్రంలా ప్రవర్తించినప్పుడు నవ్వు పుడుతుందని ఫ్రెంచి తత్వవేత్త బెర్గ్‌సన్ 1900లో సిద్ధాంతీకరించాడు. నాటకం మొదటి సగానికి ఆ సూత్రం చక్కగా అమరుతుంది. ప్రభుత్వం యంత్రం, పేదవాడు మనిషి. కాని రెండవ సగంలో తిరకాసు ఉన్నది. అంతవరకు నీరులా జారిన దొంగ ఇచ్చిన మాట దగ్గర బిగుసుకుంటాడు. జారిపోవడానికి వేయి దారులు తెలిసిన కాళ్లు కదలక నిలుస్తాయి. బెర్గ్‌సన్ లెక్కన ఆ బిగువుకూ మనం నవ్వాలి. హాలులో ఎవరూ నవ్వలేదు. అంతసేపూ ఆ దేహాన్ని చూసి నవ్విన మనమే, అది ఆగిపోయినప్పుడు ఏమి పోగొట్టుకున్నామో గ్రహిస్తాము. హాస్యం విషాదంగా మారడానికి ఆ నటుడు ఒక్క మాట కూడా అదనంగా పలకలేదు. 1982లో ఎడిన్‌బరో ఉత్సవంలో, ఛత్తీస్‌గఢీ ఒక్క ముక్క తెలియని ప్రేక్షకుల నడుమ ఈ నాటకం "ఫ్రింజ్ ఫస్ట్" బహుమతి గెలుచుకున్నదంటే ఆశ్చర్యం లేదు.

ఈ హాస్యం నిరపాయకరమైనదని అనుకోరాదు. నాచాలో 1930ల నాటి నుంచి ఆడుతున్న "పోంగా పండిత్" ప్రహసనం పూజారినీ, పాకీపని చేసే స్త్రీనీ ఎదురెదురుగా నిలబెడుతుంది. అంటరానితనం మొదట దూరానికి సంబంధించిన కట్టుబాటు. ఎన్ని అడుగుల ఎడంలో నిలబడాలన్నదే దాని వ్యాకరణం. ఆ అడుగులను వేదిక మీద కొలిచి చూపించడం కంటె పదునైన ఉపన్యాసం ఏముంటుంది? అరవై ఏళ్లు పల్లెల్లో అందరూ నవ్విన ఆ ప్రహసనాన్ని 1992 తరువాత కొందరు అడ్డుకోవడం మొదలుపెట్టారు. 2003లో మధ్యప్రదేశ్‌లో పలుచోట్ల హిందూత్వ సంస్థల కార్యకర్తలు ప్రదర్శనలను భగ్నం చేశారు. ఎనభైకి చేరువైన వయస్సులోనూ హబీబ్ ఊరూరా తిరిగి ఆడించారు.

2009 జూన్ 8న భోపాల్‌లో ఆయన కన్నుమూశారు. రెండు నెలలు తిరగకుండానే ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం "చరణ్‌దాస్ చోర్" పుస్తకం మీద నిషేధం విధించింది. సత్నామీ సమాజంలో ఒక వర్గం అభ్యంతరం చెప్పడం అందుకు కారణం. తరతరాలుగా అవమానాలు భరించిన సమాజపు సున్నితత్వాన్ని తేలికగా తీసుకోవడం నా ఉద్దేశం కాదు. కాని సత్యమే దేవుడని బోధించిన గురు ఘాసీదాస్ మార్గాన్ని ఆ నాటకం నెత్తిన పెట్టుకున్నది. సత్నామీల పంథీ పాటలు, ఆటలు దానికి ఊపిరి. అబద్ధం ఆడనందుకు ప్రాణమిచ్చిన దొంగ కథ ఆ సంప్రదాయానికి నమస్కారమే గాని పరిహాసం కాదు. మాటామాటా కూర్చుని తేల్చుకోవలసిన చోట ప్రభుత్వం సర్క్యులర్‌తో సరిపెట్టింది. నిషేధించేవారికి కాగితం మీద ఉన్నదే చేతికి చిక్కుతుంది. నటుడి మోకాలి వణుకును ఏ గెజిట్‌లో నిషేధిస్తారు?

రికార్డుకెక్కకపోవడం వల్ల కలిగిన రక్షణ ఇది. దాని నష్టం కూడా ఉన్నది. ఠాకుర్‌రామ్, మదన్‌లాల్, భుల్వారామ్, లాలూరామ్, ఫిదాబాయి ఈ హాస్యాన్ని తమ దేహాలతో రచించినవారు. దేవార్ కులానికి చెందిన ఫిదాబాయి, మగవారే ఆడవేషం కట్టే నాచా సంప్రదాయం నుంచి వచ్చిన బృందంలో రాణి పాత్ర ధరించి మెప్పించింది. గోవింద్‌రామ్ నిర్మల్కర్‌కు 2009లో పద్మశ్రీ వచ్చింది, 2014లో ఆయన పోయారు. పుస్తకం అట్ట మీద మాత్రం ఒక్క పేరే ఉంటుంది. రచయిత పోతే పుస్తకం మిగులుతుంది. నటుడు పోతే అతని నడకను నేర్చుకున్న మరొక దేహం ఉంటేనే అది మిగులుతుంది. ఆ నేర్పు బడిలో వచ్చేది కాదు, రాత్రంతా మేల్కొని జనంలో ఆడితే వచ్చేది. కూలి రేటు కంటె ఆట రాబడి తక్కువైన నాడు ఏ తండ్రి కొడుకును నాచాకు పంపుతాడు?

సంగీత నాటక అకాడమీ అవార్డులు, పద్మ బిరుదులు మంచివే. అయితే అవి జీవితం చివరిలో కప్పే శాలువాలు. ముప్ఫై ఏళ్ల నటుడికి ఏడాది పొడవునా ఆట దొరికే ఏర్పాటు, పాత నటుల చేష్టలను వీడియోలో భద్రపరచి పల్లె బృందాలకే తిరిగి చూపించే ఏర్పాటు చేయడం ప్రభుత్వాలకు భారం కాదు. మన చిందు భాగవతానికీ, తోలుబొమ్మలాటకూ, ఇంకా గుడారాలు మోస్తున్న సురభి కుటుంబాలకూ ఇదే మాట వర్తిస్తుంది. బిలాస్‌పూర్ తెలుగువారు తమ పిల్లల చేత "కన్యాశుల్కం" ఆడించదలిస్తే, పక్క పల్లెలోని జోక్కడ్‌ను ఒక నెల రోజులు పిలిచి నడక నేర్పించమనండి. మాటలు గురజాడవారు ఎలాగూ ఇచ్చి పోయారు.