చెక్కనేల క్రింది నేల

క్రొత్తగా కట్టిన పాఠశాలలో బాలికల నాట్యమునకై ఒక గది కేటాయించిరనుకొందము. నేల కాంక్రీటుది. కంటికది సమముగానే తోచును. కాని అడుగు వేసినప్పుడెల్ల ఆ తాకిడిని అది తనలో ఇముడ్చుకొనక తిరిగి కాలికే అప్పగించును. నాలుగు దినములలో పిల్లల మోకాళ్లు నొచ్చును. అందుచే దానిపై చెక్కనేల పరవవలెనని పెద్దలు తలంతురు. వడ్రంగి వచ్చును. అతడు మొదట చేతబట్టునది రంపము కాదు. నీరు నింపిన సన్నని గొట్టము.

గొట్టమెన్ని మెలికలు తిరిగినను, లోపల గాలిబుడగలు లేనిచో, రెండు కొనలయందలి నీరు ఒక్క మట్టముననే నిలుచును. తరగతిలో చదివిన సూత్రమే ఇచ్చట పనిముట్టయినది. ఆ గుర్తులనుబట్టి గోడనుండి గోడకు దారము లాగి క్రిందికి కొలువగా, ఒక మూల అంగుళము పల్లము, నడుమ అరంగుళము మిట్ట బయటపడును. చిన్న దూరములకు రసమట్టము చాలును. గాజుగొట్టములో బుడగతో మట్టము చూచు ఈ సాధనమును 1661 ప్రాంతమున ఫ్రాన్సు దేశీయుడు తెవెనో రూపొందించెను.

చదును వేరు, మట్టము వేరు. ఒకవైపు ఎత్తిన బల్ల చదునైనదే. కాని దానిపై గోళీ నిలువదు. నాట్యపుగదికి రెండును కావలెను.

మిట్టను అరగదీయవచ్చును. పల్లమునకు ఉపాయము వేరు. అడుగు ఎడముగా కొయ్యపట్టెలు పరచి, వాని క్రింద ఏటవాలుగా కోసిన చెక్కపేళ్లను జతలుగా ఎదురెదురుగా త్రోయుదురు. రెండు వాలులును ఒక్కటే యగుటచే పైముఖము క్రిందిముఖమునకు సమాంతరముగానే యుండి, ఎత్తు మాత్రము పెరుగును. రేఖాగణితమున కింతకన్న మంచి ఉదాహరణము అరుదు. ఆధారము లేక వదలిన చోట పలక క్రుంగి కిర్రుమనును.

అన్నిటికన్న పెద్ద శత్రువు కంటికి కనబడని చెమ్మ. కాంక్రీటు గట్టిపడినంత మాత్రమున ఆరినట్లు కాదు. అంగుళము మందమునకు సుమారొక నెల పట్టునని పనివారి లెక్క. పాలిథీను ముక్కను నేలపై పరచి, అంచులతికించి, మరునాడు తీసి చూచినప్పుడు క్రింద నీటిబిందువులు కనబడెనా, ఇంకను ఆగవలసినదే. కొయ్య చెమ్మను పీల్చి అడ్డముగా ఉబ్బును. పొడవున దాదాపు మారదు. అందుకే గోడవార అరంగుళము సందు విడిచి, దానిని పట్టీతో కప్పుదురు.

చిక్కంతయు ఇచ్చటనే యున్నది. ప్రారంభోత్సవపు ఆహ్వానములు ముందే అచ్చయి యుండును. "ఇంకొక నెల" అను వడ్రంగి మాట ఎవరికిని రుచింపదు. అతని మాట త్రోసిపుచ్చినచో ఉత్సవము వైభవముగనే జరుగును. పిదప వానకాలము వచ్చును. పలకలొకదానినొకటి నెట్టుకొని పైకి లేచును. ఏదో యొక సాయంకాలము ఒక బాలిక కాలివ్రేలు ఆ అంచునకు తగులును.

ఓపిక పట్టినచో ఏమియు జరుగదు. పట్టెలు, పేళ్లు, గోడవార సందు ఎవరికిని కనబడవు. పిల్లలు తాళమునకు అడుగు వేయుచు నేల సంగతే మరతురు. ఆ మరపే వడ్రంగికి దక్కిన మెప్పు.