ధాన్యపు కల్లాల నేల చదును: మట్టం, సమతలం, వాలు

ప్రభుత్వ కొనుగోలు ప్రమాణాల ప్రకారం ధాన్యంలో తేమ 17 శాతం మించరాదు. సిమెంటు కల్లంపై ఎండబెట్టినా ధాన్యం ఏకరీతిగా ఆరకపోవడానికి నేలలోని ఎగుడుదిగుళ్లు ఒక ముఖ్య కారణం. పైభాగాన్ని సమంగా సర్ది 3 సెం.మీ. మందాన పరచిన ధాన్యం, 2 సెం.మీ. లోతు గల పల్లంలో 5 సెం.మీ. మందమవుతుంది. అక్కడ తేమ నిలిచి గింజ రంగు మారుతుంది. మిట్టపై పలుచబడిన చోట గింజ అతిగా ఆరి, పగుళ్లు వచ్చి, మరలో నూకగా మారుతుంది. వాన కురిస్తే ఆ పల్లంలోనే నీరు నిలుస్తుంది.

మట్టం వేరు, సమతలం వేరు

నేల ఏ వైపుకూ వాలకుండా ఉండటం మట్టం. ఎగుడుదిగుళ్లు లేకుండా ఉండటం సమతలం. టైల్స్ పరచే గదికి సాధారణంగా రెండూ అవసరం. కల్లానికి కావలసినది వాలు గల సమతలం. 100కు 1 చొప్పున వాలు ఇస్తే 10 మీటర్లకు 10 సెం.మీ. తేడా వస్తుంది.

కొలిచే విధానం

పారదర్శక గొట్టంలో గాలి బుడగలు లేకుండా నీరు నింపి, కల్లం చుట్టూ పాతిన కొయ్యలపై ఒకే మట్టాన్ని గుర్తించాలి. కొయ్యల మధ్య దారం సడలకుండా బిగించి, ప్రతి 2 మీటర్లకు దారం నుండి నేల వరకు గల లోతును కొలవాలి. వాలు ప్రకారం ఉండవలసిన లోతుకన్నా తక్కువ వస్తే అది మిట్ట. ఎక్కువ వస్తే పల్లం.

సవరణ

మిట్టలను చెక్కివేయాలి. పల్లాలపై పలుచగా పూసిన సిమెంటు పాత నునుపు నేలను అంటుకొనక పెచ్చులుగా లేస్తుంది. కావున పల్లం అంచులను నిటారుగా కోసి, అడుగును గరుకుగా చెక్కి, కడిగి, పైతడి ఆరిన పిదప సిమెంటు పాలు పూయాలి. అది ఆరకముందే చిన్న కంకర కాంక్రీటు వేసి, వాలు ప్రకారం బద్దతో లాగి చదును చేయాలి. పాత అతుకులను కొత్త పొరలోనూ అదే చోట కొనసాగించాలి. కనీసం 7 రోజులు తడిగా ఉంచాలి.

గదుల్లో టైల్స్ కింద పోసే, స్వయంగా పరచుకొనే మిశ్రమాలు కల్లానికి తగవు. అవి మట్టానికి చేరి వాలును చెరిపివేస్తాయి.

ఒకే చోట పల్లం మరల మరల ఏర్పడితే లోపం పైపొరలో లేదు. సరిగా దిమ్మిస చేయని అడుగు మట్టిలో ఉంది. తడికి ఉబ్బి, ఎండకు కుంగే నల్లరేగడిలో ఇది మరింత సంభవం. అట్టి చోట ఆ గడిని తొలగించి అడుగు నుండి సరిచేయాలి.

చివరగా నేలపై నీరు పోసి, పారిన తరువాత మిగిలిన మడుగులను సుద్దతో గుర్తించాలి. విస్తరణ శాస్త్రవేత్తలు ఈ పరీక్షను కోతలకు కనీసం ఒక నెల ముందే చేయిస్తే సవరణకు, కాంక్రీటు గట్టిపడటానికి వ్యవధి లభిస్తుంది.