పాత చీరకు స్టీలు గిన్నె, ఖర్జూరాలకు దిర్హములు

స్టీలు సామాన్లవాడు వీధిలోకి వస్తే మన ఇళ్ళలో పాత బట్టల మూట విప్పేవాళ్ళం. రెండు చీరలూ ఒక ప్యాంటూ తీసుకుని గిన్నె ఇచ్చేవాడు. ఎంత బేరమాడినా ఆ చీరలు ఎంత చేస్తాయో, గిన్నె ఖరీదెంతో మనకు తెలిసేది కాదు. అతనికి మాత్రం రెండూ తెలుసు!

బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలలో ఇలాంటి బేరమే ఒకటి ఉంది. ఖైబర్‌లో నియమితులైన ఒకాయన దైవప్రవక్త (స) వద్దకు మేలురకం ఖర్జూరాలు తెచ్చారు. అక్కడి పండ్లన్నీ ఇలాగే ఉంటాయా అని ప్రవక్త (స) అడిగారు. లేదని, నాసిరకం రెండు ‘సా’లిచ్చి ఇవి ఒక ‘సా’ తీసుకుంటామని ఆయన చెప్పారు. (‘సా’ అంటే మన మానిక వంటి కొలపాత్ర.) అలా చేయవద్దనీ, నాసిరకాన్ని దిర్హములకు అమ్మి, ఆ దిర్హములతో మేలురకం కొనమనీ ప్రవక్త (స) ఆదేశించారు.

దీన్ని మనం వడ్డీ మస్‌అలాగా మాత్రమే చదువుతాం. మాకు ఇంకొకటీ తోస్తుంది. మధ్యలోకి దిర్హము వస్తే ఏ సరుకు ధర దానికి బజారులో విడిగా తేలుతుంది. ‘రెండుకు ఒకటి’ అన్న అంచనాలో ఎవరు నష్టపోయారో చెప్పగలమా?

క్రీ.శ. 1111లో మరణించిన ఇమామ్ గజాలీ (రహ్మ) ‘ఇహ్యా’లో దీన్ని విప్పి చెప్పారు. ఒకని దగ్గర కుంకుమపువ్వు ఉంది, అతనికి ఒంటె కావాలి. ఒంటెకు ఎంత కుంకుమపువ్వు సరి? రెంటికీ పోలికే లేదు. అందుకే దీనారూ దిర్హమూ మధ్యవర్తులయ్యాయి. అద్దానికి తన రంగంటూ లేదు, అన్ని రంగులూ అందులో కనబడతాయి, డబ్బూ అంతేనన్నారాయన. దాన్ని పాతిపెట్టడం ఖాజీని చెరలో పెట్టడమేనట.

ఆ అద్దమే మసకబారితే ఏమవుతుందో ఈజిప్టు చూసింది. 1403 ప్రాంతంలో నైలు పొంగక కరువు వచ్చింది. కైరో బజారులో ముహ్తసిబ్‌గా, అంటే తూనికలూ ధరలూ తనిఖీచేసే అధికారిగా, పనిచేసిన అల్ మఖ్రీజీ ఆ కరువుపై ఒక చిన్న గ్రంథం రాశారు. నైలును మాత్రమే తప్పుపట్టి ఊరుకోలేదు. లంచాలతో కొన్న పదవులను, పెరిగిన భూమి శిస్తులను, లెక్కలేకుండా ముద్రించిన రాగి పైసలను తప్పుపట్టారు. వెండి దిర్హములు బజారులో కనబడకుండా పోయాయి. రాగిలో లెక్కిస్తే ధరలు మండిపోతున్నాయి, బంగారం వెండిలో లెక్కిస్తే చాలా సరుకులు అంతగా పెరగలేదని ఆయన వాదన. చాలామంది చనిపోవడంతో మిగిలిన కూలీలకు కూలి పెరిగింది. నిర్ణీత భత్యంపై బతికే పండితులూ విద్యార్థులూ మాత్రం అదే లెక్క రాగి పైసలు తీసుకుని బజారుకు వెళ్ళవలసి వచ్చింది.