పగలు ఉమ్మేది, రాత్రి మింగేది

లండన్‌లో వైన్ వ్యాపారులకు జనవరి అంటే బర్గండీ నెల. తూర్పు ఫ్రాన్స్‌లోని బర్గండీ నుంచి వైన్ తయారుచేసే రైతులు దిగుతారు. దిగుమతిదారులు హాళ్లు అద్దెకు తీసుకుని బల్లలు వేస్తారు. హోటళ్లవాళ్లు, దుకాణదారులు, రెస్టారెంట్లలో వైన్ ఎంపిక చూసే సొమెలియర్లు పొద్దున్నే వచ్చేస్తారు. వాళ్లు చూసే సరుకులో చాలాభాగం ఇంకా దుకాణానికి చేరనిదే. 2022 కోత వైన్లను 2024 జనవరిలో రుచి చూశారు. పీపాలోంచి తోడి తెచ్చిన నమూనాలే ఎక్కువ.

తాగడానికి వచ్చారనుకుంటే పొరపాటు. ఒక్కపూటలో పదుల రకాలు చూడాలి, మధ్యాహ్నానికి కూడా తల నిలకడగా ఉండాలి. అందుకే అందరూ ఉమ్మేస్తారు. బల్ల పక్కనుండే ఆ పాత్రను చూస్తే తాంబూలం రోజుల నాటి తమ్మపడిగ గుర్తొస్తుంది.

గ్లాసులో పోసేది రెండు మూడు గుక్కలే. తెల్లగుడ్డ మీదికి గ్లాసు వంచి రంగు చూస్తారు. గిరగిర తిప్పి వాసన పీలుస్తారు. నోట్లో పోసుకుని, పెదాల సందులోంచి గాలి లోపలికి లాగుతూ జుర్రుమని చప్పుడు చేస్తారు. మన పంక్తిభోజనంలో అలా చేస్తే పెద్దవాళ్ల చేత చీవాట్లు తప్పవు! తర్వాత ఉమ్మి, కాగితం మీద ఒక ముక్క రాసుకుని పక్క బల్లకు నడుస్తారు. ఈ హాలుకు అత్తరు పూసుకుని వచ్చినవాడే అందరికీ శత్రువు.

ఇంకో తమాషా ఉంది. భోజనంలో తెల్లవైన్ ముందు, ఎర్రవైన్ తర్వాత. బర్గండీ నేలమాళిగల్లో మాత్రం చాలామంది రైతులు ఎర్రది ముందు పోస్తారు. తెల్లవైన్ పులుపు తగిలిన నాలుకకు లేత ఎర్రవైన్ మరీ వగరుగా తోస్తుందని వాళ్ల లెక్క.

ఇంత తతంగం ఎందుకంటే, జవాబు బర్గండీ పొలాల గట్ల దగ్గర దొరుకుతుంది. ఇక్కడ ప్రధానంగా పండేవి రెండే రకాలు: ఎర్రవైన్‌కు పీనో న్వార్, తెల్లవైన్‌కు షార్డొనే. ద్రాక్ష ఒకటే అయినా గట్టు దాటితే రుచి మారుతుంది, ధర మారుతుంది. పైగా ఫ్రెంచి వారసత్వ చట్టం వల్ల తరతరాల పంపకాల్లో చేలు ముక్కలయ్యాయి. రాతిగోడ చుట్టిన క్లో ద వూజో తోట 50 హెక్టార్లు, అంటే సుమారు 125 ఎకరాలు. దానికి 80 మంది దాకా యజమానులు. తోట పేరు ఒకటే, చేతులు వేరు. సీసా మీద తోట పేరొక్కటే చదివి కొంటే చేతులు కాలతాయి. రుచి చూడాల్సిందే.

సరుకూ తక్కువే. ఇక్కడి పీపాలో పట్టేది 228 లీటర్లు, అంటే దాదాపు 300 సీసాలు. ఒక చిన్న పొలం ముక్క నుంచి రైతుకు రెండు మూడు పీపాలే వస్తే ప్రపంచమంతా వాటినే పంచుకోవాలి. 2021 ఏప్రిల్‌లో మంచు చిగుళ్లను మాడ్చేసింది. రాత్రంతా తోటల్లో మంటలు పెట్టినా ఫలితం అంతంతే. ముందుగా చిగురించే షార్డొనేకు దెబ్బ మరీ గట్టిగా తగిలింది. ఇలాంటి ఏడాది కొనేవాడికి బేరం ఉండదు; ఎవరికెన్ని సీసాలో అమ్మేవాడే తేలుస్తాడు.

పగటి రుచుల తర్వాత రాత్రి విందు ఉంటుంది. దాని అసలు విలువ ఇక్కడే తెలుస్తుంది. పగలు ఉమ్మినవాళ్లే ఇప్పుడు కూర్చుని మింగుతారు. నంచుకోవడానికి గూజేర్ అనే చీజ్ బూరెలు, ఎర్రవైన్‌లో గంటల తరబడి ఉడికిన మాంసం, ఘాటు వాసన కొట్టే ఎపువాస్ చీజ్. తెలివైన ఆతిథేయి రైతును కొనేవాళ్ల మధ్యే కూర్చోబెడతాడు, పాత కోతల వైన్లు తెరుస్తాడు. పగటి పీపా నమూనా పదేళ్లకు ఎలా మారుతుందో నాలుకకే చూపించడం అది. మామూలు సీసాను 12 మందికి పంచితే తలా 60 మిల్లీలీటర్లే. అందుకే అనుభవజ్ఞులు ఒకటిన్నర లీటర్ల మాగ్నమ్‌లు వెతికి తెస్తారు.

ఈ విందులకు పెద్దన్న బర్గండీలోని మెర్సో ఊళ్లో ఉంది. కోతలయ్యాక కూలీలకు పెట్టే పాత భోజనానికి 1923లో జూల్ లఫాన్ అనే దొర మళ్లీ ప్రాణం పోశాడు. ఏటా నవంబరులో జరిగే ఆ ‘పోలే’లో వైన్ ఆతిథేయి పోయడు. ఎవరి సీసా వాళ్లే తెచ్చుకుని పక్కవాళ్లకు పోయాలి.