కండక్టర్ లేని ఆర్కెస్ట్రా

పాశ్చాత్య సంగీతంలో వాద్యబృందానికి ఎదురుగా నిలబడి, చేతికర్రతో లయను, ధ్వని తీవ్రతను నిర్దేశించే వ్యక్తిని కండక్టర్ అంటారు. 1972లో న్యూయార్క్‌లో చెల్లో వాదకుడు జూలియన్ ఫైఫర్ తోటి కళాకారులతో కలిసి స్థాపించిన ఆర్ఫియస్ ఛాంబర్ ఆర్కెస్ట్రా ఆ స్థానాన్నే తొలగించింది. నలుగురైదుగురు కలిసి వాయించేటప్పుడు ఒకరినొకరు శ్రద్ధగా వినే అలవాటును పెద్ద బృందానికి కూడా విస్తరింపజేయాలన్నది ఫైఫర్ ఆశయం. దార్శనిక నాయకత్వమంటే ఇటువంటి గమ్యాన్ని స్పష్టంగా చూపి, దానిని చేరే మార్గాన్ని పనిచేసేవారికే అప్పగించడం. పైనుంచి ఆజ్ఞ లేకుండా సభ్యులే బాధ్యతలు పంచుకుని పనిని క్రమబద్ధం చేసుకోవడాన్ని స్వయం వ్యవస్థీకరణ అంటారు.

అయితే ఈ స్వేచ్ఛను నియమరాహిత్యంగా భావించడం పెద్ద పొరపాటు. ప్రతి కృతికీ సభ్యులు తమలో ఒకరిని ప్రధాన వయొలినిస్టుగా ఎన్నుకుంటారు. వివిధ వాద్యాల ప్రతినిధులతో కూడిన చిన్న బృందం ముందుగా కూర్చుని, కృతి నడకను, భావాన్ని చర్చించి ఒక రూపానికి తెచ్చిన తరువాతే అందరి సాధన మొదలవుతుంది. ఆ సాధనలోనూ ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు, వాద్యాన్ని పక్కనపెట్టి ప్రేక్షకుల వైపు వెళ్లి ధ్వనుల సమతూకాన్ని విని రావచ్చు. కృతి మారితే నాయకత్వమూ మారుతుంది కనుక, నిన్న నడిపినవారు నేడు అనుసరించడం నేర్చుకుంటారు. ఈ పద్ధతికి ప్రాణం ఇదే. దీనికి కాలం ఎక్కువ పడుతుంది, వాగ్వాదాలూ తప్పవు. 1922లో మాస్కోలో ఇదే ఆదర్శంతో ఆరంభమైన పెర్సింఫాన్స్ బృందం 1932లో ఆగిపోయింది. ఆర్ఫియస్ మాత్రం నిలిచి, స్వరకర్త స్ట్రావిన్‌స్కీ కృతుల ఆల్బమ్‌కు 2001లో గ్రామీ పురస్కారం అందుకుంది.